ఒక్క గోల్ తేడా: రాణి రాంపాల్ క్రీడా జీవితం

సభాధ్యక్షులకు, వేదిక మీదున్న పెద్దలకు, ఎదురుగా కూర్చున్న విద్యార్థినీ విద్యార్థులకు నమస్కారం.

భారత మహిళా హాకీ జట్టు మాజీ కెప్టెన్ రాణి రాంపాల్ గురించి మాట్లాడమని నిర్వాహకులు కోరారు. ఆమె పేరు ఎత్తగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది ఆమె పేదరికం. తండ్రి బండి తోలేవాడు, ఇంట్లో గడియారం లేదు, తెల్లవారుజామున అమ్మ ఆకాశంలో చుక్కలు చూసి లేపేది అన్న సంగతులు పత్రికల్లో చదివాం, టీవీలో విన్నాం. అవన్నీ నిజాలే, ఆమె స్వయంగా చెప్పుకున్నవే. అయితే ఆ కథ చెప్పడంలో మనకున్న ఉత్సాహం ఆమె ఆట గురించి చెప్పడంలో లేదని నాకు అనిపిస్తుంది. క్రికెటర్ గురించి మాట్లాడేటప్పుడు ఏ మ్యాచ్‌లో, ఏ పరిస్థితిలో ఎన్ని పరుగులు చేశాడో చెబుతాం. మహిళా హాకీ క్రీడాకారిణి గురించి మాట్లాడేటప్పుడు మాత్రం ఆమె ఎంత ఏడ్చిందో చెప్పి ఊరుకుంటాం. ఈ పూట నేను రాణిని ఒక ఫార్వర్డ్‌గా, అంటే ముందు వరసలో దాడి చేసే ఆటగత్తెగా, గోల్ ముందు బంతి దొరికితే ఏం చేయాలో తెలిసిన మనిషిగా మీ ముందు ఉంచుతాను. నా వాదన ఒక్కటే. రాణి ఎన్ని గోల్స్ కొట్టింది అన్న లెక్క కన్నా, జట్టు భవిష్యత్తు ఒక్క గోల్ మీద ఆధారపడ్డ ప్రతిసారీ ఆ గోల్ ఎవరి స్టిక్ నుంచి వచ్చింది అని చూస్తేనే ఆమె విలువ తెలుస్తుంది.

ముందుగా ఆమె రాకముందు మన మహిళా హాకీ ఎక్కడుందో చూడాలి. 1974లో ఫ్రాన్స్‌లోని మాందెల్యూలో జరిగిన తొలి మహిళల ప్రపంచకప్‌లో మనది నాలుగో స్థానం. 1980 మాస్కో ఒలింపిక్స్‌లో మహిళల హాకీని తొలిసారి ప్రవేశపెట్టినప్పుడు కూడా నాలుగో స్థానమే. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచాం. ఆ తర్వాత ఒలింపిక్స్ వైపు తొంగిచూసే అవకాశం కూడా చాలాకాలం రాలేదు. 2002లో మాంచెస్టర్ కామన్వెల్త్ క్రీడల స్వర్ణం, 2004లో ఢిల్లీలో గెలిచిన ఆసియా కప్ మధ్యలో మెరిసిన మెరుపులు. ఆటగత్తెలు లేక కాదు. రైల్వేస్ జట్టు నిండా మంచి ఆటగత్తెలు ఉండేవారు, జాతీయ టోర్నీల్లో ఏళ్ల తరబడి ఆ జట్టుదే పైచేయి. కానీ యూరప్ జట్లతో ఏడాది పొడవునా తలపడే అవకాశం, వాటికి దీటైన శారీరక దారుఢ్యం, సిబ్బంది మనకు లేవు. మన అమ్మాయిలు బాగా ఆడి ఒక గోల్ తేడాతో ఓడిపోవడం ఆ రోజుల్లో అలవాటుగా మారింది.

ఇక షాహాబాద్ సంగతి. హర్యానాలో కురుక్షేత్ర జిల్లాలోని షాహాబాద్ మార్కండా చిన్న పట్టణం. ఢిల్లీ నుంచి అంబాలా వెళ్లే జాతీయ రహదారి మీద వస్తుంది. ద్రోణాచార్య పురస్కారం అందుకున్న కోచ్ బల్దేవ్ సింగ్ అక్కడ అమ్మాయిలకు హాకీ నేర్పారు. 1994 డిసెంబర్ 4న పుట్టిన రాణి ఆ మైదానానికి మొదట వెళ్లినప్పుడు, ఒంట్లో సత్తువ లేదని ఆమెను చేర్చుకోవడానికి ఆయన ఒప్పుకోలేదు. దాంతో విరిగిన స్టిక్ ఒకటి పట్టుకుని, సల్వార్ కమీజ్‌లోనే పరుగెత్తుతూ తనంతట తాను సాధన చేసేది. చివరికి ఆయన మనసు మార్చుకున్నారు. అకాడమీలో ఒక నియమం ఉండేది: ప్రతి అమ్మాయీ రోజూ అర లీటరు పాలు తెచ్చుకుని తాగాలి. రాణి ఇంట్లో కొనగలిగింది 200 మిల్లీలీటర్లు. మిగిలిందంతా నీళ్లు కలిపి సరిపెట్టేది. ఈ ముచ్చట విని మనం జాలిపడతాం. దీనిలో జాలి కన్నా ముఖ్యమైన సంగతి ఒకటి ఉంది. అమ్మాయి తినే తిండి కూడా తన పనే అని భావించిన కోచ్ ఆ ఊళ్లో ఉన్నారు. తర్వాత రోజుల్లో రాణికి కిట్టు, బూట్లు సమకూర్చింది ఆయనే. తిండి విషయంలో శ్రద్ధ తీసుకోవడానికి ఆమెను కొంతకాలం తన కుటుంబంతోనే ఉంచుకున్నారు. ఆ అకాడమీ నుంచి రాణి ఒక్కతే రాలేదు. భారత జట్టుకు సారథ్యం వహించిన రీతూ రాణి అక్కడి అమ్మాయే. నవ్‌జోత్ కౌర్, నవనీత్ కౌర్ కూడా అక్కడివారే. ఈ రెండు పేర్లూ కాస్త గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాయి.

2008లో రష్యాలోని కజాన్‌లో జరిగిన ఒలింపిక్ అర్హత టోర్నీలో, పద్నాలుగో ఏట, రాణి సీనియర్ జట్టుకు ఆడింది. అంతకుముందు అంత చిన్న వయసులో భారత సీనియర్ మహిళల జట్టులోకి వచ్చినవారు లేరు. ఆ టోర్నీ మనకు కలిసిరాలేదు, బీజింగ్ దారి మూసుకుపోయింది. మరుసటి ఏడాది అదే కజాన్‌లో జరిగిన ఛాంపియన్స్ ఛాలెంజ్ రెండో అంచె టోర్నీ ఫైనల్లో ఆమె ఒక్కతే నాలుగు గోల్స్ కొట్టింది, మనవాళ్లు కప్పు గెలిచారు. 2010లో అర్జెంటీనాలోని రొసారియోలో జరిగిన ప్రపంచకప్‌లో పదిహేనేళ్ల రాణి ఏడు గోల్స్ చేసి, ఉత్తమ యువ క్రీడాకారిణి పురస్కారం అందుకుంది. జట్టు మాత్రం తొమ్మిదో స్థానంలో నిలిచింది. ఈ రెండు వాక్యాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒక పక్క ప్రపంచమంతా గుర్తించిన పిల్ల, ఇంకో పక్క తొమ్మిదో స్థానం జట్టు. రాణి తొలి దశ మొత్తం ఈ పొంతన లేనితనంలోనే గడిచింది.

హాకీ అలవాటు లేనివారి కోసం ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఫుట్‌బాల్‌లో మాదిరిగా ఎంత దూరం నుంచైనా బంతిని కొట్టి గోల్ చేయడం ఈ ఆటలో కుదరదు. గోల్‌పోస్టుల ముందు 14.63 మీటర్ల దూరంలో వంపుగా ఒక గీత ఉంటుంది. దాన్ని సర్కిల్ అంటారు, మన మైదానాల్లో 'డి' అనడమే ఎక్కువ. దాడి చేసే జట్టు స్టిక్ ఆ గీత లోపల బంతిని తాకితేనే గోల్ లెక్కలోకి వస్తుంది. అందుకే రక్షకులంతా అక్కడే గుంపుగా చేరతారు. ఫార్వర్డ్‌కు దొరికేది ఒక క్షణం, ఒక అడుగు చోటు. బంతిని ఆపి, తల ఎత్తి, చూసి, అప్పుడు కొడదామంటే ఈలోగా రెండు స్టిక్కులు అడ్డం పడతాయి. రాణి బలమంతా ఆ మొదటి స్పర్శలో ఉండేది. వచ్చిన బంతిని ఆపే కదలికలోనే తనకు కావలసిన వైపు తిప్పుకుని, రక్షకురాలు కాలు కదపకముందే కొట్టేసేది. ఇది కండబలంతో వచ్చేది కాదు. సత్తువ లేదని ఒకప్పుడు పక్కన పెట్టిన పిల్ల, తనకన్నా తల ఎత్తు పొడవున్న యూరప్ రక్షకుల మధ్య నిలదొక్కుకుందంటే కారణం ఇదే. తర్వాతి కాలంలో ఆమె కొంచెం వెనక్కి జరిగి, మధ్య మైదానానికీ ముందు వరసకూ నడుమ ఆడుతూ, మిగతావాళ్లకు బంతులు అందించే పని కూడా భుజాన వేసుకుంది. చూసేవారికి ఆ పని అంతగా కనిపించదు, స్కోరు పట్టికలో అసలే కనిపించదు.

జట్టు కథ మలుపు తిరిగింది 2013లో. జర్మనీలోని మోన్షెన్‌గ్లాడ్‌బాక్‌లో జరిగిన జూనియర్ ప్రపంచకప్‌లో సుశీలా చాను సారథ్యంలో మన అమ్మాయిలు కాంస్యం కోసం ఇంగ్లండ్‌తో తలపడ్డారు. ఆట సమయం ముగిసేసరికి స్కోరు 1-1. మన గోల్ రాణిదే. సమమైన మ్యాచ్‌లో విజేతను తేల్చే షూటవుట్‌లోనూ ఆమె స్టిక్ తడబడలేదు. జూనియర్ ప్రపంచకప్‌లో మన అమ్మాయిలకు అదే మొదటి పతకం, టోర్నీ ఉత్తమ క్రీడాకారిణి రాణి. ఆ జూనియర్ జట్టులోని కొందరు తర్వాత సీనియర్ జట్టుకు వెన్నెముకగా నిలిచారు. అందుకే నేను ఆ కాంస్యాన్ని 2021 టోక్యో ఒలింపిక్స్‌కు మొదటి మెట్టుగా లెక్కిస్తాను.

2015లో బెల్జియంలోని ఆంట్‌వెర్ప్‌లో వరల్డ్ లీగ్ సెమీఫైనల్స్ టోర్నీ జరిగింది. పేరు సెమీఫైనల్స్ అయినా అసలు సంగతి రియో ఒలింపిక్స్ బెర్తులు. మనవాళ్లకు మిగిలింది అయిదో స్థానం కోసం జపాన్‌తో మ్యాచ్. 1-0తో గెలిచాం; ఆ ఒక్క గోల్ రాణిది. బెర్తు అప్పటికప్పుడు చేతికి రాలేదు. యూరప్ ఛాంపియన్‌షిప్‌లో ఇతర జట్ల ఫలితాలు తేలాక, ఆగస్టులో ఖరారైంది. 36 ఏళ్ల తర్వాత భారత మహిళలు ఒలింపిక్స్‌కు వెళ్లారు. రియోలో మాత్రం జపాన్‌తో 2-2తో డ్రా చేసుకుని, మిగిలిన నాలుగు మ్యాచ్‌లూ ఓడి, పన్నెండు జట్లలో ఆఖరున నిలిచారు. ఆ డ్రాలో మన రెండు గోల్స్‌లో ఒకటి రాణిది. రియో ఫలితాన్ని చూసి చాలామంది నిట్టూర్చారు. నా దృష్టిలో ఆ వైఫల్యం కూడా అవసరమైనదే. అంతకుముందు ఒలింపిక్ గ్రామం ఎలా ఉంటుందో ఆ జట్టులో ఒక్కరికీ తెలియదు. టోక్యోకు వెళ్లిన జట్టులో రియో చూసినవాళ్లు ఎనిమిది మందికి తక్కువ లేరు.

2017లో జపాన్‌లోని కకమిగహరాలో జరిగిన ఆసియా కప్‌కు రాణి కెప్టెన్‌గా వెళ్లింది. ఫైనల్లో ప్రత్యర్థి చైనా. నవ్‌జోత్ కౌర్ గోల్‌తో ముందుకు వెళ్లాం, చివరి క్వార్టర్లో చైనా సమం చేసింది, షూటవుట్ వచ్చింది. పాత పద్ధతిలో అయితే పెనాల్టీ స్ట్రోకులు కొట్టేవారు. ఇప్పటి పద్ధతి వేరు. 23 మీటర్ల గీత దగ్గర బంతి పెట్టుకుని ఆటగత్తె ఒంటరిగా బయలుదేరుతుంది. ఎదురుగా గోల్‌కీపర్ ముందుకు దూసుకొస్తుంది. ఎనిమిది సెకన్లలోపు గోల్ చేయాలి. ఎనిమిది సెకన్లు చాలా తక్కువ అనిపిస్తుంది గానీ, మైదానంలో ఉన్నవారికి అది ఎక్కువ సమయమే. మనసు రెండు మూడుసార్లు మార్చుకోవడానికి సరిపడా సమయం. నేర్పున్న గోల్‌కీపర్ పని కూడా అదే, ఎదుటిమనిషి మనసు మార్చుకునేలా చేయడం. ఆ రోజు అయిదు ప్రయత్నాలతో ఫలితం తేలలేదు, సడెన్ డెత్‌కు, అంటే ఒక జట్టు గోల్ చేసి రెండోది తప్పేదాకా సాగే దశకు వెళ్లింది. రాణి గోల్ చేసింది, మన గోల్‌కీపర్ సవిత చైనా షాట్‌ను ఆపింది, 5-4తో కప్పు మనదైంది. 13 ఏళ్ల తర్వాత ఆసియా కప్, దానితోపాటు మరుసటి ఏటి ప్రపంచకప్‌కు నేరుగా అర్హత.

ఆ జట్టులో రెండో గోల్‌కీపర్ మన తెలుగమ్మాయి ఇ. రజని. అప్పటి చిత్తూరు జిల్లాలో యర్రావారిపాలెం మండలంలోని పల్లెటూరు ఆమెది, తండ్రి వడ్రంగి. రెండో గోల్‌కీపర్ పేరు వార్తల్లో రాదు, సవిత లాంటి కీపర్ ముందుండగా మైదానంలోకి దిగే అవకాశమూ తక్కువే. అయితే క్యాంపులో ఫార్వర్డ్‌లు షూటవుట్ సాధన చేయాలంటే ఎదురుగా ప్యాడ్లు కట్టుకుని ఎవరో ఒకరు నిలబడాలి కదా. సవితతోపాటు ఆ పని చేసేది రజనే. ఫైనల్లో కనిపించిన ఎనిమిది సెకన్ల వెనుక బెంగళూరులోని సాయ్ (భారత క్రీడా ప్రాధికార సంస్థ) కేంద్రంలో గడిచిన ఉదయాలు ఎన్నో. తిరుపతి వైపు నుంచి వచ్చిన విద్యార్థులు ఈ సభలో ఉంటే, మీ పక్క మండలం అమ్మాయి పేరు మీకు ముందే తెలిసి ఉంటుందని ఆశిస్తాను.

2018 లండన్ ప్రపంచకప్‌లోనూ ఇదే వరస. గ్రూప్ ఆఖరి మ్యాచ్‌లో అమెరికా చేతిలో ఓడితే ఇంటికే. 0-1తో వెనుకబడి ఉన్నప్పుడు పెనాల్టీ కార్నర్ నుంచి, అంటే ప్రత్యర్థి తప్పు చేసినప్పుడు గోల్ గీత మీద నుంచి బంతి అందుకుని కొట్టే అవకాశం నుంచి, రాణి స్కోరు సమం చేసింది. ఆ డ్రాతో ముందుకు వెళ్లి, ఇటలీని ఓడించి, క్వార్టర్‌ఫైనల్ చేరారు. అక్కడ ఐర్లాండ్ చేతిలో షూటవుట్‌లో ఓడిపోయారు. షూటవుట్ ఎప్పుడూ మనవైపే ఉండదు. అదే ఏడాది ఆగస్టులో జకార్తా ఆసియా క్రీడల్లో ఫైనల్ దాకా వెళ్లి జపాన్ చేతిలో 1-2తో ఓడి రజతంతో వచ్చారు. అక్కడ గెలిచి ఉంటే టోక్యో బెర్తు నేరుగా దక్కేది. దక్కలేదు కాబట్టే భువనేశ్వర్ మ్యాచ్ వచ్చింది.

ఆ మ్యాచ్ దగ్గర కాస్త ఆగుతాను. 2019 నవంబర్ 1, 2 తేదీల్లో కళింగ స్టేడియంలో అమెరికాతో రెండు మ్యాచ్‌లు. రెండింటి గోల్స్ కలిపి ఎవరివి ఎక్కువైతే వారికి టోక్యో బెర్తు. మొదటి రోజు మనవాళ్లు 5-1తో గెలిచారు. ఇక రెండో రోజు లాంఛనమే అనుకున్నారు చాలామంది. ఆట మొదలైన అయిదో నిమిషంలోనే అమెరికా గోల్ చేసింది, తర్వాత ఇంకొకటి, ఇంకొకటి. విరామ సమయానికి అమెరికా 4-0తో ముందంజలో ఉంది. రెండు రోజుల లెక్క కలిపితే 5-5. నిన్నటి ఆధిక్యం అరగంటలో ఆవిరైపోయింది. ఇంకొక్క గోల్ వాళ్లు కొడితే నాలుగేళ్ల శ్రమ బూడిదలో పోసిన పన్నీరు. మూడో క్వార్టర్లో గోల్స్ పడకుండా నిలువరించగలిగారు. 48వ నిమిషంలో సర్కిల్‌లో దొరికిన బంతిని రాణి గట్టిగా కొట్టి వలలోకి పంపింది. 6-5. మిగిలిన 12 నిమిషాలూ ఆ ఒక్క గోల్‌నే కాపాడుకున్నారు. రెండో రోజు మ్యాచ్ 1-4తో ఓడిపోయి సంబరాలు చేసుకున్న జట్టును మీరు తరచుగా చూడరు. నాకైతే రాణి ఆడిన అన్ని మ్యాచ్‌ల్లోకీ ఇదే గొప్పదనిపిస్తుంది. ఎందుకంటే ఆ రోజు జట్టు బాగా ఆడలేదు. అందరూ బాగా ఆడిన రోజున గోల్ కొట్టేవాళ్లు చాలామంది ఉంటారు.

పురస్కారాల సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను. 2016లో అర్జున, 2020లో పద్మశ్రీ, అదే ఏడాది ఖేల్‌రత్న. ప్రపంచవ్యాప్తంగా జరిగిన ఓటింగులో 2019 సంవత్సరానికి వరల్డ్ గేమ్స్ ఉత్తమ క్రీడాకారిణిగా ఎంపికైంది.

కరోనాతో టోక్యో ఒలింపిక్స్ ఏడాది వాయిదా పడ్డాయి. 2021 ఏప్రిల్‌లో, ఇళ్ల నుంచి క్యాంపుకు తిరిగివచ్చిన రాణికీ మరికొందరికీ వైరస్ సోకింది. మూడు నెలల తర్వాత టోక్యోలో తొలి మ్యాచ్ నెదర్లాండ్స్‌తో. రాణి గోల్ చేసినా 1-5తో ఓటమి. జర్మనీతో 0-2, బ్రిటన్‌తో 1-4. వరసగా మూడు ఓటములు చూసి రియోనే మళ్లీ వచ్చిందనుకున్నాం. తర్వాత ఐర్లాండ్‌పై నవనీత్ కౌర్ చేసిన ఏకైక గోల్‌తో గెలుపు, దక్షిణాఫ్రికాపై వందనా కటారియా హ్యాట్రిక్‌తో 4-3 గెలుపు. క్వార్టర్‌ఫైనల్లో ఆస్ట్రేలియాపై గుర్జీత్ కౌర్ పెనాల్టీ కార్నర్ గోల్, సవిత గోడలా నిలబడి ఆపిన షాట్లు. సెమీస్‌లో అర్జెంటీనా చేతిలో 1-2, కాంస్య పోరులో బ్రిటన్ చేతిలో 3-4. నాలుగో స్థానం. మీరు గమనించే ఉంటారు, టోక్యోలో నిర్ణాయక గోల్స్ ఏవీ రాణివి కావు. నవనీత్, వందన, గుర్జీత్, ఇలా రోజుకొకరు ఆ భారం ఎత్తుకున్నారు. ఒక ఆటగత్తె మీదే ఆధారపడే దశను జట్టు దాటిందనడానికి అదే నిదర్శనం. ఆ దశ దాటించిన కెప్టెన్‌గా రాణికి దక్కవలసిన మెప్పు వేరే ఉంది.

టోక్యో తర్వాత గాయాలు ఆమెను వెంటాడాయి. 2022 ప్రపంచకప్, కామన్వెల్త్ క్రీడలు రెండింటికీ ఆమె దూరమైంది. 2023 జనవరిలో దక్షిణాఫ్రికా పర్యటనకు తిరిగి ఎంపికై తొలి మ్యాచ్‌లోనే గోల్ చేసింది. ఆ తర్వాత మళ్లీ పిలుపు రాలేదు. ఆమెను కొనసాగించి ఉండాల్సిందా, కుర్రవాళ్లకు చోటిచ్చి మంచిపని చేశారా అన్న చర్చ హాకీ వర్గాల్లో సాగింది. ముప్పై దాటని అనుభవజ్ఞురాలిని కనీసం పెద్ద టోర్నీలకైనా వెంట తీసుకువెళ్లి ఉండవలసిందన్నది నా అభిప్రాయం. 2024 జనవరిలో రాంచీలో పారిస్ ఒలింపిక్స్ అర్హత టోర్నీ జరిగింది. సెమీఫైనల్లో జర్మనీ చేతిలో షూటవుట్‌లో ఓడాం. చివరి బెర్తు కోసం ఆడింది జపాన్‌తో, ఓడింది 0-1తో. ఆంట్‌వెర్ప్‌లో 1-0తో గెలిచింది ఇదే జపాన్ మీద. రాణి ఉంటే గెలిచేవాళ్లమని చెప్పడానికి ఎవరికీ ఆధారం లేదు, నేనూ చెప్పను. ఇలాంటి మ్యాచ్‌లలో ఆమె ఏం చేసేదో మాత్రం ఇంతసేపూ మీకు చెప్పాను.

2024 అక్టోబర్ 24న ఢిల్లీలో ఆమె వీడ్కోలు ప్రకటించింది. 250కి పైగా అంతర్జాతీయ మ్యాచ్‌ల తర్వాత, ఆమె వేసుకున్న 28వ నంబరు జెర్సీని ఇకపై ఎవరికీ ఇవ్వబోమని హాకీ ఇండియా ప్రకటించింది. మూడు నెలలు తిరగకముందే, 2025 జనవరిలో, మహిళల హాకీ ఇండియా లీగ్ మొదటిసారి జరిగినప్పుడు సూర్మా క్లబ్ అమ్మాయిలకు మార్గదర్శకురాలిగా ఆమె రాంచీకే వెళ్లింది. ఆమె ఆడే రోజుల్లో ఇలాంటి లీగ్ లేదు. ఇప్పుడు పద్దెనిమిదేళ్ల మన అమ్మాయి నెదర్లాండ్స్, అర్జెంటీనా ఆటగత్తెల పక్కన నిలబడి ఆడుతోంది, సర్కిల్‌లో వాళ్లు బంతిని ఎలా అందుకుంటారో దగ్గర నుంచి చూస్తోంది.

ప్రశ్నలుంటే అడగండి. నమస్కారం.